ఆర్నెల్లలో మూడోసారి యూరిన్ ఇన్ఫెక్షన్: మాత్రలు వేస్తే తగ్గుతుంది, ఆపితే మళ్ళీ మొదలు

పెన్నా_ఒడ్డు
అమ్మకి 62. షుగరు, బీపీ ఉన్నాయి. ఒంటికి వెళ్తే మంట, గంట గంటకీ లేవాల్సి రావడం, పొత్తికడుపు బరువు. జ్వరం లేదు. ఊళ్ళో డాక్టరు ఒకసారి ఆఫ్లాక్సాసిన్, తర్వాత సెఫిక్సిమ్ ఇచ్చారు, ఐదేసి రోజులు. తగ్గుతుంది, మూడు వారాలకి మళ్ళీ వస్తుంది. యూరిన్ పరీక్షలో పస్ సెల్స్ (చీము కణాలు) 15-20, ఎపితీలియల్ సెల్స్ 12-15, నైట్రైట్ నెగెటివ్, షుగర్ 3 ప్లస్. రక్తంలో ఫాస్టింగ్ షుగర్ మాత్రం 118. ల్యాబ్ వాడు తప్పు రాశాడా? కల్చర్ (ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్ష) చేయిస్తే "మిశ్రమ పెరుగుదల, మళ్ళీ శాంపిల్ పంపండి" అని వచ్చింది. ఇంతకంటే బలమైన యాంటీబయాటిక్ ఏదైనా ఉందా? ఇంట్లో అందరూ "వేడి చేసింది" అని సబ్జా గింజలు నానబెడుతున్నారు.

బోరబండ_బాబాయ్
సబ్జాతో నష్టం లేదు, షర్బత్ లో చక్కెర వేయకుంటే సరి. పొద్దున ఒక బోండాం, సాయంత్రం బార్లీ నీళ్ళు, మధ్యాహ్నం పల్చటి మజ్జిగ. మా బస్తీలో సగం జబ్బులకి ఇదే ప్రిస్క్రిప్షన్, మిగతా సగానికి జండూబామ్.

ల్యాబ్_బెంచి
బలమైన మందు సంగతి తర్వాత. ముందు ఆ రిపోర్టు మూత్రానిదేనా అన్నది తేల్చాలి. ఎపితీలియల్ 12-15 అంటే బయటి చర్మం, యోని దగ్గరి కణాలు శాంపిల్లో కలిశాయి. వాటితో పాటు అక్కడి పస్ సెల్స్ కూడా వచ్చి ఉంటాయి. "మిశ్రమ పెరుగుదల" అని రాశారంటే రెండు మూడు రకాల సూక్ష్మజీవులు కలగాపులగంగా పెరిగాయన్న మాట. అది చాలామటుకు డబ్బా పట్టిన తీరులో లోపమే.

పట్టే పద్ధతి ఇదీ. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కింద మామూలు నీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడిగి శుభ్రమైన గుడ్డతో అద్దుకోవాలి. డెట్టాల్ వద్దు, అది శాంపిల్లో పడితే క్రిములు చచ్చి "పెరుగుదల లేదు" అని వస్తుంది. ఒక చేత్తో యోని పెదవులు విడదీసి పట్టుకుని, మొదటి ధార టాయిలెట్లోకి వదిలేయాలి. ధార ఆపకుండా మధ్యలో డబ్బా పెట్టి 20-30 మిల్లీలీటర్లు పట్టి, ధార ఇంకా పడుతుండగానే డబ్బా తీసేయాలి. మూత లోపలి వైపు, డబ్బా అంచు వేలితో తాకకూడదు. మూతని బాత్రూమ్ గట్టు మీద బోర్లించకూడదు. ఎక్కువ శాంపిళ్ళు పాడయ్యేది సరిగ్గా అక్కడే.

డబ్బా ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ దే కావాలి. హార్లిక్స్ సీసా ఎంత మరగబెట్టినా పనికిరాదు. పట్టిన గంటలోపు, మహా అయితే రెండు గంటల్లో ల్యాబ్ కి చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్ లో (ఫ్రీజర్ కాదు) పెట్టి 24 గంటల్లోపు ఇవ్వాలి. ఈ.కోలై (పేగులో ఉండే క్రిమి) కి అనుకూలంగా ఉంటే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మే నెలలో స్కూటర్ డిక్కీలో మూడు గంటలు తిరిగిన డబ్బాలో ఏం పెరుగుతుందో చెప్పక్కర్లేదు.

ముఖ్యమైంది ఇంకోటి: యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేయకముందే కల్చర్ కి ఇవ్వాలి. రెండు మాత్రలు వేసి ఇస్తే ల్యాబ్ ఏమీ చేయలేదు.

పెన్నా_ఒడ్డు
డబ్బా పట్టుకునేటప్పటికే రెండు రోజుల మందు పడింది. ఇవన్నీ ఎవరూ చెప్పలేదండి. నైట్రైట్ నెగెటివ్ అంటే ఇన్ఫెక్షన్ లేనట్టేనా మరి?

ల్యాబ్_బెంచి
కాదు. క్రిములు నైట్రేట్ ని నైట్రైట్ గా మార్చాలంటే మూత్రం బ్లాడర్ లో నాలుగు గంటలైనా నిలవాలి. గంటకోసారి వెళ్ళేవాళ్ళకి ఆ టైము దొరకదు. పైగా ఎంటెరోకాకస్ లాంటి క్రిములు అసలు ఆ పని చేయవు. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వేసుకున్నా స్ట్రిప్ తప్పు చూపిస్తుంది. పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్ ని మాత్రం నమ్ముకుని కూర్చోకూడదు.

మాత్రల_కొట్టు
షుగర్ మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్ గానీ ఎంపాగ్లిఫ్లోజిన్ గానీ ఉందా చూడండి. ఉంటే మూత్రంలో 3 ప్లస్ రావడం ఆ మందు పనే. కిడ్నీ ద్వారా చక్కెరని బయటికి తోసేయడమే దాని పద్ధతి. రక్తంలో 118, మూత్రంలో 3 ప్లస్, రెండూ నిజమే. ల్యాబ్ తప్పు లేదు.

అసలు సంగతి వేరే. ఆ చక్కెర మూత్రం తగిలే చోట ఫంగస్ బాగా పెరుగుతుంది. దురద, తెల్లటి పెరుగులాంటి స్రావం, ఎర్రబడటం ఉన్నాయేమో అడగండి. మంట లోపల పుడుతోందా, మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు పుడుతోందా అనేది కూడా అడగాలి. బయట మంట అయితే అది ఫంగస్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్ వేసేకొద్దీ మంచి క్రిములు పోయి ఫంగస్ ఇంకా ముదురుతుంది.

పెన్నా_ఒడ్డు
డాపా 10 ఉంది, ఏడాదిగా. అడిగితే మొహమాటపడింది, చివరికి దురద ఉందని చెప్పింది. అయితే మందు ఆపేయమంటారా?

మాత్రల_కొట్టు
సొంతంగా ఆపొద్దు. గుండెకీ కిడ్నీకీ ఆ మందుతో మేలుంది, అందుకే రాస్తున్నారు. ఫంగస్ కి క్లోట్రిమజోల్ లాంటి మందు వాడి, ఒంటికి వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళతో కడిగి పొడిగా తుడుచుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. పదే పదే వస్తే అప్పుడు డాక్టరే మారుస్తారు. జ్వరం, వాంతులు, ఉపవాసాలు ఉన్న రోజుల్లో మాత్రం దాన్ని తాత్కాలికంగా ఆపాలి, లేకపోతే రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు పెరుగుతాయి. మలద్వారం చుట్టుపక్కల విపరీతమైన నొప్పి, వాపు, జ్వరం కలిసి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. అరుదు, కానీ ప్రాణం మీదికి వస్తుంది.

యూరాలజీ_పీజీ
పైవాళ్ళు చెప్పినవి సరైనవే. నా వైపు నుంచి కొన్ని. ఆర్నెల్లలో రెండు గానీ, ఏడాదిలో మూడు గానీ వస్తే "మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్ఫెక్షన్" అంటాం. కానీ ఆ లెక్క కల్చర్ లో తేలిన వాటికి. ఇక్కడ ఒక్కటి కూడా తేలలేదు.

రెండోది, ప్రతిసారీ అదే క్రిమి రెండు వారాల్లోపు తిరిగొస్తే లోపల ఎక్కడో దాక్కుని ఉందన్న మాట: రాయి, మగవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి, పూర్తిగా ఖాళీ కాని బ్లాడర్. వేర్వేరు క్రిములు, వేర్వేరు సమయాల్లో వస్తే బయటి నుంచి కొత్తగా ఎక్కుతోందని. అందుకే పాత కల్చర్ రిపోర్టులు చించేయొద్దు, ఒక ఫైల్లో వరసగా పెట్టండి. పదేళ్ళ షుగరు ఉన్నవాళ్ళలో బ్లాడర్ నరాలు మొద్దుబారతాయి. నిండినట్టు తెలియదు, సగమే ఖాళీ అవుతుంది, మిగిలింది నిలవ నీరు.

కడుపు స్కాన్ చేయించేటప్పుడు "పోస్ట్ వాయిడ్ రెసిడ్యువల్" (పోశాక బ్లాడర్ లో మిగిలే మూత్రం) చూడమని చీటీలో రాయించుకోండి. నిండు బ్లాడర్ తో ఒకసారి చూసి, ఒంటికి వెళ్ళొచ్చిన వెంటనే మళ్ళీ చూస్తారు. 50 మి.లీ. లోపు మిగిలితే పర్వాలేదు. 150 దాటితే కారణం వెతకాలి. చిక్కేంటంటే స్కాన్ సెంటర్లో లీటరున్నర తాగించి గంటన్నర కూర్చోబెడతారు. అంత బిగబట్టిన బ్లాడర్ మామూలుగా ఖాళీ కాదు, మిగులు ఎక్కువ చూపిస్తుంది. అనుమానం ఉంటే ఇంకో రోజు మామూలుగా నిండినప్పుడు చూపించాలి.

బోరబండ_బాబాయ్
అంటే నా బోండాం ప్రిస్క్రిప్షన్ కాన్సిలా డాక్టర్ సాబ్?

యూరాలజీ_పీజీ
బీపీకి టెల్మిసార్టాన్ లాంటిది వాడుతూ కిడ్నీ పని కాస్త తగ్గినవాళ్ళకి రోజూ రెండు బోండాలంటే పొటాషియం పేరుకుంటుంది బాబాయ్. క్రియాటినిన్ (కిడ్నీ పని చూపే రక్తపరీక్ష) బాగుంటే అప్పుడప్పుడు ఒకటి తాగమనండి. ఇన్ఫెక్షన్ కి మందు మాత్రం కాదు.

కాకినాడ_కాజా
నీళ్ళ సంగతి అందరూ తేలిగ్గా తీసేస్తున్నారు. 2018లో వచ్చిన అధ్యయనం ఉంది. బల్గేరియాలో, రోజుకి లీటరున్నర కంటే తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళని తీసుకుని, సగం మందికి అదనంగా ఇంకో లీటరున్నర నీళ్ళు తాగించారు. ఏడాదిలో వాళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే, మామూలుగా తాగినవాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. ఏ మాత్రా లేకుండా దాదాపు సగం తగ్గింది.

యూరాలజీ_పీజీ
నిజమే, కానీ ఆ అధ్యయనంలో ఉన్నది నెలసరి ఇంకా ఆగని, తక్కువ తాగే ఆరోగ్యవంతులు. రోజుకి మూడు లీటర్లు తాగేవాళ్ళు ఇంకో లీటరు కలిపితే రాత్రి నిద్ర పాడవడం తప్ప ఏమీ రాదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, కాళ్ళ వాపులున్నవాళ్ళు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. ఒక గుర్తు చెప్తా: మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే చాలు. మొత్తం తెల్లనీళ్ళలా అవ్వక్కర్లేదు.

కాకినాడ_కాజా
ఒప్పుకుంటా. కానీ మన దగ్గర అసలు సమస్య ఎక్కువ తాగడం కాదు కదా. టాయిలెట్ దొరకదని పొద్దున్నుంచి గొంతు తడపని టీచర్లు, బందోబస్తు డ్యూటీలో నిలబడ్డ ఆడ కానిస్టేబుళ్ళు, బట్టల షాపుల్లో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయిలు. వాళ్ళకి "నీళ్ళు తాగమ్మా" అంటే సరిపోదు, తలుపుకి గడియ ఉన్న టాయిలెట్ కావాలి.

ఫిజియో_పద్మ
కాజా గారు చెప్పినదానికి ఇంకో ముక్క. దొరికిన టాయిలెట్ మురికిగా ఉందని కమోడ్ మీద కూర్చోకుండా గాల్లో సగం వంగి నిలబడి పోసేస్తారు. ఆ భంగిమలో తొడలు, కటి కండరాలు బిగిసి ఉంటాయి, బ్లాడర్ పూర్తిగా ఖాళీ కాదు. న్యూస్ పేపరో టిష్యూనో పరిచి కూర్చోవడం మేలు. మోకాళ్ళు సహకరిస్తే ఇండియన్ టాయిలెట్ ఇంకా మంచిది.

మిగులు ఉన్నవాళ్ళకి పద్ధతి: కమోడ్ మీద పూర్తిగా కూర్చుని పాదాలు నేలకి ఆనాలి. అందకపోతే చిన్న పీట. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టి ముందుకి వంగాలి. ముక్కకూడదు, దానంతట అది రావాలి. ఆగాక అర నిమిషం నుంచి నిమిషం ఆగి, ఒకసారి లేచి కూర్చుని మళ్ళీ ప్రయత్నించాలి. చాలామందికి రెండో విడతలో అర కప్పు వస్తుంది. షుగరు ఉన్నవాళ్ళు నిండినట్టు అనిపించేదాకా ఆగకుండా గడియారం చూసి మూడు గంటలకోసారి వెళ్ళాలి.

మలబద్ధకం ఉంటే ముందు దాన్ని వదిలించండి. నిండిన పేగు వెనక నుంచి బ్లాడర్ ని నొక్కి పెడుతుంది. క్లోర్ ఫెనిరమిన్ ఉన్న జలుబు మాత్రలు, అమిట్రిప్టిలిన్ కూడా బ్లాడర్ ని బద్ధకం చేస్తాయి. మందుల సంచీ మొత్తం డాక్టరు ముందు కుమ్మరించాలి.

రాయలసీమ_రాగి
జెట్ పైపు సంగతి ఎవరూ అనలేదు. వెనక నుంచి ముందుకి కొడితే మలంలో ఉన్న ఈ.కోలై ని మనమే పంపు పెట్టి పంపినట్టు. పది ఇన్ఫెక్షన్లలో ఏడెనిమిది దానివే కదా.

ఫిజియో_పద్మ
అవును. ముందు నుంచి వెనక్కే. సువాసన వాష్ లు, లోపల డౌష్ (యోనిలోకి నీళ్ళు కొట్టి కడగడం) చేయడం పూర్తిగా మానేయాలి.

నర్సమ్మ_నైట్_డ్యూటీ
62 ఏళ్ళు అన్నారు కాబట్టి చెప్పాల్సింది ఇంకోటి ఉంది, ఇళ్ళలో ఎవరూ మాట్లాడరు. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి యోని పొర పల్చబడి ఎండుతుంది. అక్కడ ఆమ్లత కాపాడే లాక్టోబాసిల్లస్ అనే మంచి క్రిమి పోతుంది. ఆ ఖాళీలో ఈ.కోలై కాపురం పెడుతుంది. దానికి మందు ఈస్ట్రియాల్ క్రీము. అప్లికేటర్ తో అర గ్రాము, రెండు వారాలు ప్రతి రాత్రి, తర్వాత వారానికి రెండు రాత్రులు. ఇదీ మామూలుగా రాసే కొలత.

దీనితో జరిగే పొరపాటు ఒకటే. ట్యూబు అయిపోగానే, లేదా రెండు వారాలకి ఫలితం లేదని ఆపేస్తారు. ఇన్ఫెక్షన్లు తగ్గడం కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. "హార్మోన్" అనగానే భయపడతారు గానీ రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు తమ క్యాన్సర్ డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి. నెలసరి ఆగాక మళ్ళీ రక్తం కనిపిస్తే క్రీము కాదు, ముందు పరీక్షలు.

డాలస్_దోసె
ఇక్కడ అందరూ క్రాన్ బెర్రీ, డీ-మానోజ్ పొడి వాడతారు. ఇండియాలో కూడా సాషేలు దొరుకుతున్నాయి కదా. సహజమైనది, దుష్ఫలితాలుండవు.

మాత్రల_కొట్టు
రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. క్రాన్ బెర్రీకి కొంత ఆధారం ఉంది. ట్రయల్స్ అన్నిటినీ కలిపి చూసే 2023 కాక్రేన్ సమీక్షలో మళ్ళీ మళ్ళీ వచ్చే ఆడవాళ్ళలో కొంత తగ్గించిందని తేలింది. కానీ అందులో పనిచేసే పదార్థం, ప్రోఆంథోసయనిడిన్, రోజుకి 36 మిల్లీగ్రాములన్నా ఉండాలంటారు. లేబుల్ మీద ఆ అంకె లేకపోతే కొనేది రంగు పొడే. సూపర్ బజార్ జ్యూస్ లో ఎక్కువున్నది చక్కెర, షుగర్ పేషెంటుకి అసలు వద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టొద్దు.

డీ-మానోజ్ మీద బ్రిటన్ లో 598 మంది ఆడవాళ్ళతో చేసిన ట్రయల్ 2024లో వచ్చింది. రోజుకి రెండు గ్రాములు, ఆర్నెల్లు. ఉత్తుత్తి పొడి ఇచ్చినవాళ్ళతో తేడా రాలేదు. ఆ డబ్బుతో రెండు కల్చర్లు చేయించుకోవచ్చు.

డాలస్_దోసె
మా ఇంట్లో వంటింటి అర సగం అవే. ఇక దోసెపిండిలో కలపాలేమో.

రాయలసీమ_రాగి
పల్లేరుకాయల కషాయం, కొండపిండి ఆకు కూడా అదే అరలోకి. రాళ్ళు కరుగుతాయని మా వైపు తెగ తాగుతారు.

యూరాలజీ_పీజీ
ప్రోటియస్ అనే క్రిమి వల్ల పుట్టే రాళ్ళున్నాయి. అది యూరియాని అమ్మోనియాగా మార్చి మూత్రాన్ని క్షారంగా చేస్తుంది, రాయి కొమ్ములు కొమ్ములుగా కిడ్నీ నిండా పెరుగుతుంది. కల్చర్ లో ప్రోటియస్ మళ్ళీ మళ్ళీ వస్తూ మూత్రం పీహెచ్ 8 దగ్గర ఉంటే స్కాన్ తప్పనిసరి. ఆ రాయి పూర్తిగా తీసేస్తే తప్ప ఇన్ఫెక్షన్ వదలదు, కషాయానికి లొంగదు.

పెన్నా_ఒడ్డు
కొత్త రిపోర్టులు వచ్చాయి. ఈసారి మందు వేయకముందే, ల్యాబ్_బెంచి గారు చెప్పినట్టే పట్టించాం. ఎపితీలియల్ 1-2. పస్ సెల్స్ 25-30. కల్చర్: ఈ.కోలై, లక్ష పైన, ఈఎస్బీఎల్ పాజిటివ్. సెఫిక్సిమ్, ఆఫ్లాక్సాసిన్ ఆర్. నైట్రోఫ్యూరంటాయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, మెరోపెనెమ్ ఎస్. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత లెక్క) 52. మిగులు 140 మి.లీ. మెరోపెనెమ్ అన్నిటికంటే పెద్దదట, అడ్మిట్ చేసి ఎక్కించమని చుట్టాలు పట్టుబడుతున్నారు.

ల్యాబ్_బెంచి
చుట్టాల్ని రిపోర్టుకి దూరంగా కూర్చోబెట్టండి. ఆర్ అంటే పనిచేయదు, ఎస్ అంటే మామూలు డోసులో పనిచేస్తుంది. ఎస్ ఉన్నవాటిలో "పెద్దది" అనేది లేదు. పక్కన ఎంఐసీ (క్రిమిని ఆపడానికి కావాల్సిన కనీస మందు మోతాదు) అని అంకెలుంటాయి. ఒక మందుకి 0.25, ఇంకోదానికి 16 ఉంటే మొదటిది మంచిదని కాదు. ఒక్కో మందుకి గీత ఒక్కోచోట ఉంటుంది, అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చకూడదు.

ఈఎస్బీఎల్ అంటే పెన్సిలిన్ని, సెఫ్ తో మొదలయ్యే చాలా మందుల్ని ముక్కలు చేసే ఎంజైము ఆ క్రిమి దగ్గర ఉందని. వెనకటి ఐదేసి రోజుల కోర్సులు ఎందుకు నిలవలేదో ఇక్కడే తెలుస్తోంది.

మాత్రల_కొట్టు
జ్వరం, చలి, నడుం పక్క నొప్పి, వాంతులు లేకపోతే బ్లాడర్ వరకే ఉన్నట్టు. నోటి మందులు రెండు ఎస్ లో ఉన్నాయి, సూది దాకా ఎందుకు? ఏది అన్నది మీ డాక్టరు చెప్తారు, వాడే తీరు నేను చెప్తా.

నైట్రోఫ్యూరంటాయిన్ 100 ఎస్ఆర్ అయితే రోజుకి రెండు, సాధారణంగా ఐదు రోజులు. మిగులు, షుగరు ఉన్నాయని డాక్టరు ఏడు రాయొచ్చు. అన్నం తిన్న వెంటనే వేయాలి. వికారం తగ్గుతుంది, మందు కూడా బాగా ఒంటికి పడుతుంది. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే కంగారు పడొద్దు. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువైతే ఈ మందు మూత్రంలోకి చేరదు, ఒంట్లో పేరుకుంటుంది, వాడకూడదు. 52 కి ఇబ్బంది లేదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకి ఇవ్వరు. కిడ్నీ కండలోకి చేరదు కాబట్టి జ్వరంతో ఉన్న ఇన్ఫెక్షన్ కి పనికిరాదు.

ఇప్పుడు అసలు తిరకాసు. మన దగ్గర దీంతో పాటు మంటకి డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్ సిరప్ కూడా అలవాటుగా ఇచ్చేస్తారు. ఆ సిరప్ మూత్రాన్ని క్షారం చేస్తుంది. నైట్రోఫ్యూరంటాయిన్ బాగా పనిచేసేది ఆమ్ల మూత్రంలో. రెండూ ఎదురుబొదురు. పైగా అందులో సోడియం, బీపీ ఉన్నవాళ్ళకి బోనస్. మెగ్నీషియం ట్రైసిలికేట్ ఉన్న గ్యాస్ మందులు కూడా ఈ మాత్రని పీల్చనివ్వవు. మంటకి పారాసెటమాల్, వేడినీళ్ళ కాపడం చాలు.

ఫాస్ఫోమైసిన్ అయితే 3 గ్రాముల సాషే, అర గ్లాసు చల్లటి నీళ్ళలో కలిపి వెంటనే తాగాలి. రాత్రి భోజనమైన రెండు మూడు గంటలకి, ఒంటికి వెళ్ళొచ్చి, తాగి పడుకోవాలి. రాత్రంతా మందు బ్లాడర్ లో నిలవాలని ఈ ఏర్పాటు.

బోరబండ_బాబాయ్
మస్తు చెప్పినవ్ అన్నా. మరి గా సెఫిక్సిమ్ చీటీ లేకుండనే ఇస్తరు గద, మీ షాపులోళ్ళే.

మాత్రల_కొట్టు
ఇవ్వకూడదు. సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 లో ఉంది, 2014 నుంచి అమలు. చీటీ చూసి, పేషెంటు, డాక్టరు వివరాలు రిజిస్టర్లో రాసి, ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి. రాసేవాళ్ళు ఎంతమందంటారా, మీరే పక్క వీధిలో అడిగి చూడండి.

పెన్నా_ఒడ్డు
కోర్సు అయ్యాక మళ్ళీ కల్చర్ చేయించాలా?

యూరాలజీ_పీజీ
లక్షణాలు పోతే అక్కర్లేదు. ఇది చాలామందికి మింగుడు పడదు. పెద్దవయసు ఆడవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో ఏ బాధా లేకుండానే మూత్రంలో క్రిములుంటాయి. వాటికి మందు వేస్తే మేలు జరగదు, మిగిలేది ఇంకా మొండి క్రిమి. బాధ లేని క్రిములకి వైద్యం చేసేది ముఖ్యంగా ఇద్దరికే: గర్భిణులకి, మూత్రనాళంలో కోత పడే ప్రొసీజర్ కి ముందు ఉన్నవాళ్ళకి. హెల్త్ చెకప్ ప్యాకేజీలో పస్ సెల్స్ 8 అని వచ్చి యాంటీబయాటిక్ కొనుక్కునేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

మీ విషయంలో: ఈ కోర్సు, తర్వాత ఈస్ట్రియాల్, పద్మ గారు చెప్పిన రెండు విడతల పద్ధతి, రెండు మూడు నెలలకి మిగులు మళ్ళీ కొలవడం. దీంతోనూ ఆగకపోతే మెథెనమైన్ హిప్పురేట్ అని ఉంది, ఒక గ్రాము రోజుకి రెండుసార్లు. అది ఆమ్ల మూత్రంలో ఫార్మాల్డిహైడ్ గా మారి క్రిముల్ని చంపుతుంది, నిరోధకత పెంచదు. 2022లో బ్రిటన్ ట్రయల్లో రోజువారీ చిన్న డోసు యాంటీబయాటిక్ కి దీటుగానే నిలిచింది. నైట్రోఫ్యూరంటాయిన్ రోజూ రాత్రి నెలల తరబడి వాడేది ఆ తర్వాతి మాట. దానితో దగ్గు, ఆయాసం మొదలైతే ఊపిరితిత్తులు చూపించాలి, లివర్ పరీక్షలు కూడా.

విజయనగరం_వీణ
మగవాళ్ళకి వస్తే? నాన్నకి 68, అదే క్రిమి మూడుసార్లు.

యూరాలజీ_పీజీ
అదే క్రిమి అంటే ప్రోస్టేట్ ని అనుమానించాలి. నైట్రోఫ్యూరంటాయిన్ అక్కడికి చేరదు, మూత్రం శుభ్రమై గ్రంథిలో మిగిలిపోతుంది. అక్కడికి చేరే మందు, కల్చర్ ప్రకారం, నాలుగు వారాలైనా వాడాలి. మిగులు కొలిపించండి. ఇన్ఫెక్షన్ ఉండగా పీఎస్ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష) చేయించొద్దు, పెరిగి కనబడి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి.

కొల్లేరు_కొంగ
పస్ సెల్స్ 40, కల్చర్ లో ఏమీ పెరగదు, రాత్రి పదిసార్లు లేవాలి, యాంటీబయాటిక్ ఏదేసినా తేడా లేదు. దీన్నేమంటారు?

ల్యాబ్_బెంచి
మందు వేయకుండా ఇచ్చిన శాంపిలే అయితే టీబీని తీసిపారేయకూడదు. టీబీ క్రిమి మామూలు కల్చర్ ప్లేటు మీద పెరగదు. వరసగా మూడు రోజులు పొద్దున మొదటి మూత్రం మొత్తం పట్టివ్వాలి. ఇక్కడ మధ్య ధార కాదు, అంతా. సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువుని పట్టే పరీక్ష), టీబీ కల్చర్ రెండూ అడగాలి. కల్చర్ కి ఆరు వారాల పైనే పట్టొచ్చు. సీబీనాట్ ప్రభుత్వ టీబీ కార్యక్రమం కింద ఉచితం. ఇంకో మాట, ఆఫ్లాక్సాసిన్ లాంటివి టీబీ క్రిమిని కాస్త అణుస్తాయి. రెండు వారాలు బాగున్నట్టుండి మళ్ళీ మొదలవుతుంది, రోగం బయటపడటం ఆలస్యమవుతుంది.

యూరాలజీ_పీజీ
టీబీ కాకపోతే రాయి, లైంగిక సంబంధంతో వచ్చే క్లమీడియా, బ్లాడర్ లో గడ్డ కూడా చూడాలి. నిండేకొద్దీ నొప్పి, పోశాక ఉపశమనం, పస్ సెల్స్ కూడా లేవు అంటే బ్లాడర్ నొప్పి జబ్బు. అది ఇన్ఫెక్షనే కాదు.

కోనసీమ_కొబ్బరి
మా వైపు పెద్దవాళ్ళలో పాలలాంటి మూత్రం చూస్తుంటాం. ఒక్కోసారి జెల్లీ ముక్కలు పడి ఆగిపోతుంది. చాలామంది దీన్ని ధాతువు పోతోందని చెప్పి లేహ్యాలు అమ్మేస్తున్నారు.

ల్యాబ్_బెంచి
బోదకాలు పురుగు వల్ల లింఫ్ నాళాలు మూసుకుపోయి, పగిలి, పేగు నుంచి వచ్చే కొవ్వు ద్రవం మూత్రంలోకి కారడం అది. కైలూరియా అంటారు. గోదావరి జిల్లాలు, ఉత్తరాంధ్ర తీరం బోదకాలు ఉన్న ప్రాంతాలే కదా. నెయ్యి, మాంసం తిన్న తర్వాత ఇంకా తెల్లగా వస్తుంది. తెల్లగా ఉన్నదల్లా అదే కాదు: ఎసిటిక్ యాసిడ్ చుక్కలు వేస్తే తేటపడితే ఫాస్ఫేట్లు, ఈథర్ కలిపితే తేటపడితే కొవ్వు. మూత్రంలో ట్రైగ్లిజరైడ్లు కొలిస్తే ఖాయం. పురుగు కోసం రక్తం రాత్రి పది తర్వాత తీయాలి, పగలు దొరకదు. కొవ్వు తగ్గించిన తిండితో కొందరికి ఆగుతుంది, ఆగకపోతే యూరాలజీలో మందు ఎక్కించి ఆ దారి మూస్తారు.

నర్సమ్మ_నైట్_డ్యూటీ
వింత లక్షణాల పట్టిక మొదలైంది కాబట్టి: ఒంటికి వెళ్ళేటప్పుడు చివర్లో గాలి బుడగలు తుస్సుమంటూ వస్తే నవ్వుకుని వదిలేయొద్దు. పేగుకీ బ్లాడర్ కీ మధ్య దారి పడి ఉండొచ్చు, లేదా షుగరు ముదిరినవాళ్ళలో గాలి పుట్టించే ఇన్ఫెక్షన్. రెండింటికీ సీటీ కావాలి. నురగ వేరు. ఫ్లష్ చేసినా పోని నురగ రోజూ ఉంటే ప్రోటీన్ చూపించాలి, అదీ ఇన్ఫెక్షన్ తగ్గాక.

రాయలసీమ_రాగి
ఎర్రగా వస్తే? బీట్ రూట్ అని కొందరు, వేడి అని కొందరు.

యూరాలజీ_పీజీ
బీట్ రూట్ తోనూ వస్తుంది, రిఫాంపిసిన్ తో నారింజ రంగూ వస్తుంది. కానీ నొప్పి లేకుండా రక్తం పడితే, ముఖ్యంగా నలభై దాటి బీడీ, సిగరెట్టు తాగేవాళ్ళలో, ఒక్కసారి పడి ఆగిపోయినా సరే సిస్టోస్కోపీ (బ్లాడర్ లోకి కెమెరా పెట్టి చూడటం), స్కాన్ చేయించాలి. బ్లాడర్ క్యాన్సర్ అలాగే పలకరించి పోతుంది. నొప్పి లేదు కదా అని ఆగడమే ప్రమాదం. ఇన్ఫెక్షన్ తో పాటు రక్తం కనిపించినవాళ్ళు కూడా కోర్సు అయ్యాక ఒకసారి మూత్రం చూపించుకోవాలి.

సోంపేట_సముద్రం
మా ఉద్దానం వైపు మంట వస్తే చాలు "కిడ్నీ పోయింది" అని హడలిపోతారు. అదీ ఇదీ ఒకటే?

యూరాలజీ_పీజీ
కాదండి. ఉద్దానంలో చూసే కిడ్నీ జబ్బు తొలి దశల్లో మంటా ఉండదు, నొప్పీ ఉండదు. క్రియాటినిన్ చేయిస్తేనే బయటపడుతుంది. మంట లేనివాళ్ళే అక్కడ పరీక్ష చేయించుకోవాలి. మంటకని డైక్లోఫెనాక్ కొని మింగడం మాత్రం ఆ ప్రాంతంలో అసలు చేయకూడని పని.

నర్సమ్మ_నైట్_డ్యూటీ
ఒకటి మిగిలింది. మంచం మీదున్న పెద్దవాళ్ళకి క్యాథెటర్ (మూత్రపు గొట్టం) వేసి ఉంటే, ఒక్కోసారి సంచి ఊదా రంగుకి తిరుగుతుంది. ఇళ్ళలో చేతబడి దాకా వెళ్తుంది చర్చ.

బోరబండ_బాబాయ్
ఊదా రంగా? నీలిమందు పోసిన్రా ఏంది?

ల్యాబ్_బెంచి
నవ్వులాటకన్నా నిజం చెప్పావు బాబాయ్, అది నీలిమందే. తిండిలోని ట్రిప్టోఫాన్ పేగులో ఇండోల్ అవుతుంది, లివర్ దాన్ని మార్చి మూత్రంలోకి పంపుతుంది, అక్కడ ప్రావిడెన్షియా, క్లెబ్సియెల్లా లాంటి క్రిములు దాన్ని విడగొడితే నీలి ఇండిగో, ఎర్రటి ఇండిరుబిన్ పుడతాయి. రెండూ కలిసి సంచి ప్లాస్టిక్ కి పట్టేస్తాయి. మలబద్ధకం ఉన్నవాళ్ళలో ఎక్కువ.

నర్సమ్మ_నైట్_డ్యూటీ
రంగు చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టొద్దు. జ్వరం, చలి, కొత్తగా మతి తప్పడం ఉంటేనే. క్యాథెటర్, సంచి రెండూ మార్చించి, మోషన్ సాఫీగా అయ్యేలా చూడండి. కల్చర్ కావాలంటే కొత్త క్యాథెటర్ వేశాక దాని పోర్టు నుంచి సిరంజితో తీయాలి, సంచిలోంచి ఎప్పుడూ తీయకూడదు. సంచి ఎప్పుడూ బ్లాడర్ కంటే కింద వేలాడాలి, నేలకి తగలకూడదు. మంచం మీంచి దించేటప్పుడు సంచిని పేషెంటు పొట్ట మీద పెట్టేస్తారు, అప్పుడు పాత మూత్రం వెనక్కి పోతుంది. మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయాలి. సిలికాన్ క్యాథెటర్ అయినా పన్నెండు వారాలు దాటనివ్వొద్దు.